పండగ అందరిదీ... తెర ఎవరిది?

పండగ సినిమా అంటే ఏ దేశంలోనైనా ఒకటే లెక్క. ఇంటినిండా చుట్టాలు, వంటింట్లో హడావుడి, ఓ మొండి పెద్దాయన, నాలుగు గొడవలు, చివర్లో కౌగిలింతలు! మెక్సికోవాళ్ల క్రిస్మస్ కామెడీ ‘ఉనా నవిదాద్ నో తాన్ పద్రే’ (2021) కూడా అలాంటిదే. స్పానిష్‌లో ‘పద్రే’ అంటే తండ్రి. మెక్సికో వాడుకలో ‘భలే’ అని కూడా. అంటే ‘అంత భలేగా లేని క్రిస్మస్’ అన్నమాట.

ఇది 2016 నాటి ‘ఉన్ పద్రే నో తాన్ పద్రే’కి కొనసాగింపు. వృద్ధాశ్రమం వాళ్లు భరించలేక పంపించేసిన దోన్ సెర్వాందో కొడుకు దగ్గరికి చేరతాడు. తీరా చూస్తే ఆ ఇంట్లో చుట్టరికం లేని రకరకాల మనుషులు ఒకే కుటుంబంలా బతుకుతుంటారు. పాతకాలపు పెద్దాయన వాళ్లతో ఎలా సర్దుకున్నాడన్నదే కథ. ఆ పాత్ర వేసిన హెక్తోర్ బొనీయా 2022లో కన్నుమూశారు.

భిన్నమైన మనుషులు ఒకే కప్పు కింద ఉండొచ్చని నవ్విస్తూ చెప్పడం మంచిదే. కానీ మెక్సికో వినోదరంగం మీద ఏళ్ల తరబడి మరో విమర్శ ఉంది. యజమాని పాత్రలకేమో తెల్లని ఛాయ, పనిమనిషి పాత్రలకేమో చామనఛాయ! ఆ దేశం అధికారికంగా గుర్తించిన మూలవాసుల భాషలే 68. ఆఫ్రికా మూలాలున్నవాళ్లు 2020 జనాభా లెక్కల్లో 25 లక్షల పైచిలుకు. వీళ్లంతా తెర మీద ఏరీ?

విచిత్రమేమిటంటే, అక్కడి క్రిస్మస్ బల్ల నిండా మూలవాసులు ఇచ్చినవే. మొక్కజొన్న పిండితో చేసే తమాలెస్, చాక్లెట్, టర్కీకోడి... అన్నీ వాళ్లవే. డిసెంబరులో మన నర్సరీల్లోనూ కనిపించే ఎర్రని పాయిన్‌సెట్టియా పుట్టిల్లు కూడా మెక్సికోయే. పండక్కి వాళ్ల వంట కావాలి, వాళ్ల పువ్వు కావాలి. మనిషి మాత్రం వంటింటి గడప దాటకూడదా?

అల్ఫోన్సో క్వారోన్ ‘రోమా’ (2018) ఈ మాటే అడిగింది. అది కామెడీ కాదు. కానీ అందులోనూ ఓ పండగ ఉంది. కొత్త సంవత్సరం రాత్రి పైన యజమానుల విందు, కింద పనివాళ్ల విందు. కెమెరా పనిమనిషి క్లియో వెంట కిందికి దిగుతుంది. ఆ పాత్ర చేసిన యలీత్సా అపారీసియోకి అదే తొలి సినిమా. ఓహాకా రాష్ట్రంలో టీచరు చదువు చదివిన అమ్మాయి. ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేషన్ పొందిన తొలి మెక్సికో మూలవాసి మహిళ ఆమే. అభినందనలు వచ్చాయి సరే. ఆమెను జాతిపేరుతో కించపరుస్తూ తోటి నటుడొకరు మాట్లాడిన వీడియో కూడా 2019లో బయటికొచ్చింది. తర్వాత ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు.

మెక్సికోలో డిసెంబరు 16 నుంచి తొమ్మిది రాత్రులు ‘పొసాదా’ జరుపుకుంటారు. మేరీ, జోసెఫ్‌లలా కొందరు వీధిలో నిలబడి ఆశ్రయమడుగుతూ పాడతారు. లోపలివాళ్లు ముందు కాదంటారు, చివరికి తలుపు తీస్తారు. పండగ సినిమా చేయాల్సిందీ అంతే కదా! ఈసారి ఇంటిల్లిపాదీ అలాంటి సినిమా చూసేటప్పుడు ఓ సంగతి గమనించండి. వడ్డించే మనిషికి కథలో ఒక పేరుందా? ఆమె మాటకు మనం నవ్వుతున్నామా, ఆమెను చూసి నవ్వుతున్నామా? పక్కన కూర్చున్న పిల్లలు నేర్చుకునేది అక్కడే.