ఫోన్ వెనక గ్లాస్ పగిలితే బాడీ మొత్తం మార్చాలా?

ఫోన్ సంగతికి ముందు ఒక్క నిమిషం పికప్ ట్రక్కు వెనక అద్దం గురించి చూద్దాం. పాత ట్రక్కుల్లో అది రబ్బరు బీడింగ్‌లో కూర్చుంటుంది. పగిలితే రబ్బరు అంచు తప్పించి తీసేస్తారు. కొత్త అద్దానికి బీడింగ్ తొడిగి, గాడిలో తాడు చుట్టి, సబ్బు నీళ్లు రాస్తారు. ఒకరు బయట నుంచి నొక్కుతుంటే ఇంకొకరు లోపల్నుంచి తాడు లాగుతారు. రబ్బరు అంచు రేకు మీదకి ఎక్కి కూర్చుంటుంది, అంతే!

కొత్త బండ్లలో అద్దాన్ని యురేథేన్ గమ్‌తో అంటిస్తున్నారు. సన్న తీగతో గమ్ కోయాలి, ప్రైమర్ రాయాలి, కొత్త గమ్ పట్టుకునేదాకా బండి తీయకూడదు. కష్టమే. కానీ క్యాబిన్ మొత్తం మార్చమని ఎవరూ అనరు.

మరి ఫోన్‌కి ఎందుకంటారు? 2017లో వచ్చిన ఐఫోన్ 8 నుంచి 13 వరకు వెనక గ్లాస్‌ని ఫ్రేమ్‌కి గట్టిగా అంటించేశారు. అందుకే బయటి షాపుల్లో లేజర్ మెషీన్‌తో గమ్ వదిలించి, ముక్కలు ముక్కలుగా గీకాల్సి వస్తోంది.

"వాటర్ రెసిస్టెన్స్ కావాలంటే తప్పదు" అంటే నేను ఒప్పుకోను. 2022లో వచ్చిన ఐఫోన్ 14 వెనక గ్లాస్ విడిగా ఊడుతుంది, దానికీ ఐపీ68 రేటింగ్ ఉంది. ఎక్కువ రేటున్న 14 ప్రోకి మాత్రం ఆ సౌకర్యం లేదు, మళ్లీ 15 ప్రోకి ఇచ్చారు. అంటే కంపెనీ అనుకుంటే అవుతుంది!

కెమెరాకి ఇచ్చినట్టే రిపేర్‌కీ రివ్యూల్లో మార్కులు ఉండాలి. మీరూ కొనేముందు ఒక్కటి అడగండి: వెనక గ్లాస్ ఒక్కటే మారుస్తారా, బాడీ మొత్తమా?