కల్తీసారా మరణాలు – మామూలు రక్తపరీక్షల సాయం

2019 ఫిబ్రవరిలో అస్సాంలోని గోలాఘాట్, జోర్హాట్ జిల్లాలలో కల్తీసారా త్రాగి 150 మందికి పైగా మరణించారు. వారిలో అనేకులు తేయాకు తోటల కార్మికులు, స్త్రీలు సైతం ఉన్నారు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా బలియైనారు. అక్కడి తొలి మరణాలకు సారా కారణం కాదని జిల్లా అధికారులు మొదట ప్రకటించిన సంగతి మరువరానిది. "త్రాగినవాడు చచ్చాడు, మనకేమి?" అనే ధోరణి మన శ్రేణులలోనూ లేకపోలేదు. అది సిగ్గుపడవలసిన విషయం.

ఈ సారాలోని మిథైల్ ఆల్కహాలు వెంటనే చంపదు. కాలేయంలో అది ఫార్మాల్డిహైడుగా, పిమ్మట ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది. చూపునూ ప్రాణాన్నీ హరించేది ఆ ఆమ్లమే. ఇందుకు తరచుగా 12 నుండి 24 గంటలు పడుతుంది. కార్మికుని రక్షించుకొనే గడువు అంతే.

మిథైల్ ఆల్కహాలును నేరుగా కొలిచే యంత్రాలు చిన్న ఆసుపత్రులలో ఉండవు. అయితే సోడియం, క్లోరైడు, బైకార్బొనేటు పరీక్షలు ఏ జిల్లా ఆసుపత్రికైనా సాధ్యమే. సోడియం అంకె నుండి మిగిలిన రెండింటి మొత్తాన్ని తీసివేస్తే సాధారణంగా 8 నుండి 12 వరకు మిగులుతుంది. సోడియం 140, క్లోరైడు 100, బైకార్బొనేటు 8 అని వస్తే మిగులు 32! రక్తంలో ఏదో ఆమ్లం పేరుకొన్నదన్నమాట. మధుమేహం, మూత్రపిండాల వైఫల్యం వల్ల కూడ ఇట్లు జరుగవచ్చును గనుక చక్కెర, క్రియాటినిన్ చూడాలి.

ఒక హెచ్చరిక అవసరం. త్రాగిన తొలి గంటలలో ఆమ్లం ఇంకా తయారు కానందున ఈ మిగులు మామూలుగానే ఉండవచ్చు. అప్పుడు ఉపకరించేది ఆస్మొలాలిటీ పరీక్ష. యంత్రం కొలిచిన అంకెకూ, సోడియం, చక్కెర, యూరియాలతో కట్టిన లెక్కకూ తేడా మిక్కుటంగా ఉంటే అనుమానించాలి. మామూలు సారా సైతం ఆ తేడాను పెంచుతుంది. కాలం గడచినకొద్దీ ఈ తేడా తగ్గి, ఆమ్లపు మిగులు పెరుగుతుంది. కనుక ఒక్క పరీక్ష బాగున్నదని చూపు మసకబారిన రోగిని ఇంటికి పంపరాదు. కొద్ది గంటల తరువాత మరల పరీక్షించాలి. అనుమానం బలంగా ఉంటే ఫోమెపిజోల్ గాని, అది లేనిచోట వైద్యుల పర్యవేక్షణలో ఇథైల్ ఆల్కహాలు గాని ప్రారంభించి, డయాలిసిస్ ఉన్నచోటికి తరలించాలి.

కార్మికులకు వైద్య సదుపాయాలు కల్పించవలసిన బాధ్యతను 1951 నాటి తోట కార్మికుల చట్టమే యాజమాన్యాలపై మోపింది. తోటల ఆసుపత్రులలోనూ, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రులలోనూ ఈ పరీక్షలు రాత్రివేళ సైతం జరగాలనీ, ఆ అంకెలు రోగి చీటీపై వ్రాసి ఇవ్వాలనీ మన సంఘాలు తమ కోర్కెల పత్రాలలో చేర్చాలి. కాగితంపై అంకె ఉంటే, మరణకారణం సారా కాదనడం ఏ అధికారికైనా అంత సులువు కాదు.