వార్డు మారితే మిడ్‌వైఫ్ అయిపోతుందా?

సేవ చేయడం ఆడవాళ్ళకు పుట్టుకతోనే వస్తుందని మన సమాజం గట్టిగా నమ్ముతుంది. వంట, పిల్లలు, ముసలివాళ్ళ సేవ అన్నీ ఇంట్లో ఒక్క మనిషే చేస్తున్నప్పుడు, ఆస్పత్రిలో నర్సు ఏ వార్డులోనైనా ఎందుకు పనిచేయకూడదన్నది దీని వెనకున్న తర్కం. అందుకే ఏళ్ళ తరబడి ఐసీయూలోనో, ఆపరేషన్ థియేటర్‌లోనో పనిచేసిన నర్సును ఒక్క డ్యూటీ చీటీతో ప్రసూతి వార్డుకు మార్చడం ఎవరికీ వింతగా అనిపించదు.

సుల్తాన్‌పూర్, పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతాల నర్సులతో మాట్లాడినప్పుడు నేను పదే పదే విన్నది ఈ మార్పుల గురించే. చాలామంది కాన్పు చేయడం చదువుకునే రోజుల్లో చూసిందే. ఉన్నట్టుండి లేబర్ రూమ్‌లో వేస్తే భయపడుతూనే పని నేర్చుకుంటారు. వాళ్ళకు లేనిది శ్రద్ధ కాదు, శిక్షణ.

కాగితాల్లో ఈ సమస్యే కనిపించదు. జీఎన్‌ఎం లేదా బీఎస్సీ నర్సింగ్ చదివినవాళ్ళను మన దేశంలో నర్సుగానూ, మిడ్‌వైఫ్‌గానూ ఒకేసారి రిజిస్టరు చేస్తూ వచ్చారు. కానీ ఐసీయూ నేర్పేది వేరు, కాన్పు గది కోరేది వేరు. అక్కడ చిన్న తేడా వచ్చినా వెంటనే కలగజేసుకోవాలి. ఇక్కడ నొప్పులు పడుతున్న మనిషి పక్కన కూర్చోవాలి, ధైర్యం చెప్పాలి, పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవాలి, పార్టోగ్రాఫ్ గీయాలి, ఓపిగ్గా ఎదురు చూడాలి. ఎదురుచూపు ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. రక్తస్రావాన్నీ, షాక్‌నీ త్వరగా పసిగట్టే ఐసీయూ అనుభవం ఇక్కడ ఎంతో విలువైనది. అయితే దానికి కొత్త విద్య తోడవ్వాలి.

ఇది అసాధ్యమేమీ కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు విడుదల చేసింది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కుకు శంకుస్థాపన జరిగింది కూడా 2017లోనే. పరికరాలు అవసరమే, కాదనను. కానీ యంత్రం చూపించే అంకెను అర్థం చేసుకునే మనిషి మీద కూడా అంతే ఖర్చు పెట్టాలి కదా!

ఇందులో పణంగా ఉన్నవి స్త్రీల శరీరాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. దేశ సగటు 21.5 శాతం. దీనికి కారణాలు అనేకం. కానీ మామూలు కాన్పును దగ్గరుండి నడిపించగల మనుషులు లేనిచోట కత్తే సులువైన దారి అవుతుంది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. ప్రసూతి సేవలోకి రావడం నర్సు ఇష్టంతో జరగాలి. శిక్షణ కాలంలో పూర్తి జీతం ఇవ్వాలి, సీనియారిటీ పోకూడదు. మిడ్‌వైఫ్‌లకు ప్రత్యేక కేడర్, మామూలు కాన్పుల్లో నిర్ణయాధికారం ఉండాలి. శిక్షణ పొందినవాళ్ళను మళ్ళీ వేరే వార్డులకు తిప్పకూడదు. నర్సు పని హక్కుల గురించి మాట్లాడకుండా తల్లి హక్కుల గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుంది.