పసుపు రంగు సాక్ష్యం

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో పరిశోధన చేస్తోంది. పండక్కి ఇంటికొస్తే అందరూ "దేనిమీదమ్మా పరిశోధన?" అని అడగడం, అది నోరు తెరిచేలోగా కాఫీ రావడం, ప్రశ్న అక్కడితో ఆగిపోవడం మా ఇంట్లో మామూలే. మొన్న సంక్రాంతికి మాత్రం అది కాఫీ ముట్టలేదు. వంటింట్లో నా పక్కన పీట వాల్చుకుని కూర్చుని, "అత్తయ్యా, మూడు నెలల పని మట్టిగొట్టుకుపోయింది" అంది.

నాకు కీళ్లవాతం వచ్చి పదేళ్లయింది. పొద్దున్నే లేస్తే వేళ్లు ముడుచుకోవు. దాని పరిశోధన ఈ జబ్బు మీదే. కిందటేడు ఆస్పత్రివాళ్లు అడిగితే నేనూ సంతకం పెట్టి రక్తం ఇచ్చాను. కనక స్వార్థం కొద్దీ అయినా విందామని పొయ్యి మంట తగ్గించాను.

ఒంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి దూరినా అక్కడి కణాలు కబురు పెడతాయిట. ఆ కబురు పట్టుకుని తెల్లరక్తకణాలు పరుగెత్తుకొస్తాయి. కబురు మోసే ఆ బుల్లి ప్రొటీన్లకు కీమోకైన్లని పేరు. మనిషిలో 50 రకాల దాకా ఉన్నాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-8 అనే దాన్ని 1987లో అమెరికాలోనూ, స్విట్జర్లండులోనూ వేరుచేసి చూశారు. ఇంట్లో దొంగ పడితే పెట్టే కేక లాంటిదనుకోండి. నావంటివాళ్ల కీళ్లలో దొంగ లేకుండానే ఆ కేక వినబడుతూంటుంది!

దాన్ని కొలవడమే కష్టం. రక్తంలో అది పికోగ్రాముల లెక్కన ఉంటుంది. గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పికోగ్రాము. ఏ త్రాసుకు తూగుతుంది చెప్పండి? అందుకని దాన్ని వెతికి పట్టుకోవడానికి యాంటీబాడీని, అంటే ప్రతిరక్షకాన్ని, వాడతారు. చిట్టెలుకలకు సొంతంగా ఇంటర్‌ల్యూకిన్-8 లేదు. మనిషిది ఎక్కిస్తే, పరాయి సరుకు వచ్చిందని వాటి ఒళ్లు దాన్ని పట్టుకునే ప్రతిరక్షకాలను తయారుచేస్తుంది. అవి తయారుచేసే కణాన్ని అలుపు లేకుండా పెరిగే కేన్సరు కణంతో కలిపి, ఒకే రకం ప్రతిరక్షకాన్ని ఎంత కావాలంటే అంత రాబట్టే ఉపాయం 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టారు. 1984లో నోబెల్ బహుమానం పొందినవారిలో వాళ్లిద్దరూ ఉన్నారు.

"పరీక్ష ఎలా చేస్తారే?" అన్నాను.

"మన గుంతపొంగనాల పెనం లాంటి ప్లాస్టిక్ పళ్లెం అత్తయ్యా. 96 గుంటలు. అడుగున ఒక ప్రతిరక్షకం అంటిస్తాం. రక్తరసం పోస్తే కీమోకైన్ దానికి చిక్కుతుంది. మిగతాది కడిగేసి రెండో ప్రతిరక్షకం వేస్తాం. అది కీమోకైన్‌ను పైనుంచి పట్టుకుంటుంది. దానికో ఎంజైము తగిలించి ఉంటుంది. రంగుమందు పోస్తే నీలం, ఆమ్లం వేస్తే పసుపు. పసుపు ఎంత చిక్కగా ఉంటే కీమోకైన్ అంత ఎక్కువ."

ఆ ఎంజైము ముల్లంగి కుటుంబంలోని ఒక మొక్క వేరులోదిట. ఏ వంటింటి దినుసు ఎక్కడ పనికొస్తుందో!

కీళ్లవాతం వాళ్ల గుంటలు దాదాపు అన్నీ చిక్కటి పసుపు తిరిగాయి. గైడుగారు సంతోషించి ఒక సభకు వ్యాసం కూడా పంపేశారు. కాని దీనికి మనసు ఒప్పలేదు. మరీ అంత బాగా వచ్చిందేమిటా అని, సెలవుపెట్టి వచ్చే ముందు ఇంకో పళ్లెం చేసింది. ఈసారి అడుగున ఇంటర్‌ల్యూకిన్-8తో ఏ సంబంధమూ లేని ఎలుక ప్రతిరక్షకాన్ని వేసింది. అసలు రంగే రాకూడదు. చాలా గుంటలు పసుపు తిరిగాయి!

సంగతేమిటంటే, మా జబ్బువాళ్లలో చాలామంది రక్తంలో రుమటాయిడ్ ఫాక్టర్ అని ఒక వింత ప్రతిరక్షకం ఉంటుంది. ఇతర ప్రతిరక్షకాల తోక పట్టుకోవడం దాని పని. 1940లో నార్వేలో వాలర్ అనే ఆయన దీన్ని వర్ణించాడు. అది ఒక చేత్తో అడుగుదాన్నీ, ఇంకో చేత్తో పైదాన్నీ పట్టుకుని వంతెన కట్టేసింది. మధ్యలో కీమోకైన్ లేకపోయినా రంగు వచ్చేసింది. వేళ్లు వంకర చేసింది చాలక పిల్ల పరిశోధన కూడా చెడగొట్టిందా అని నాకు ఒళ్లు మండింది.

"గైడుగారికి చెప్పావా?"

అది పీట మీద గీతలు గీస్తూ కూర్చుంది. "నేను చెప్పకపోతే ఎవరూ అడగరత్తయ్యా" అంది కాసేపటికి. తరవాత తనే టొరంటోలో జరిగిన కథ చెప్పింది. అక్కడ డయమాండిస్ అనే శాస్త్రవేత్త బృందం క్లోమగ్రంథి కేన్సరును గుర్తుపట్టే ప్రొటీను దొరికిందనుకుని రెండేళ్లు, సుమారు 5 లక్షల డాలర్లు ఖర్చుపెట్టింది. తీరా చూస్తే కొన్న ప్రతిరక్షకం పట్టుకుంటున్నది వేరే ప్రొటీనును. ఆ సంగతి వాళ్లే 2014లో అచ్చువేయించారు.

అన్నట్టు, ఇటువంటి సీసాల మీద "పరిశోధనకు మాత్రమే" అని రాసి ఉంటుందిట. జబ్బు తేల్చడానికి కాదన్నమాట. అలా ఎందుకు రాస్తారో ఆ పూట నాకు బాగా తెలిసింది.

ఇది ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లింది. బావి గట్టు దగ్గర చాలాసేపు మాట్లాడింది. ఆయన మొదట ఏమీ అనలేదుట. తరవాత వ్యాసం వెనక్కి తీసుకుందామని, ఆ రెండో పళ్లెం లెక్కలు ముందు పంపమని అన్నారుట. అంతకన్న ఎక్కువ చెప్పలేదు, నేనూ గుచ్చి అడగలేదు. ఆ రాత్రి మాత్రం అన్నం సరిగ్గా తింది.

కిందటి వారం ఫోను చేసింది. మామూలు ఎలుక ప్రతిరక్షకాన్ని ముందుగానే దండిగా కలిపితే ఆ రుమటాయిడ్ ఫాక్టర్ దాన్ని పట్టుకుని ఊరుకుంటుందిట, వీధికుక్కకు ముందే రొట్టెముక్క వేసినట్టు. అలా చేసి చూస్తే కొన్ని గుంటలు తెల్లబోయాయి, కొన్నింటిలో పసుపు నిలిచింది. నిలిచినదే అసలు లెక్క. మొదటంత గొప్పగా లేదుట. పరీక్షలన్నీ మళ్లీ చెయ్యాలి, చదువు ఇంకో ఆరు నెలలు సాగుతుంది. మా వదిన అప్పుడే పెళ్లిసంబంధాలవాళ్లకు ఏం చెప్పాలా అని బెంగపెట్టుకుంది.

"నా గుంట పసుపేనా, తెలుపా?" అన్నాను.

"సీసాల మీద అంకెలేగాని పేర్లుండవు అత్తయ్యా. నీది ఏదో నాకూ తెలీదు" అంది.