కాటా చెప్పిన మాట



ఒక రాత్రి మా సంఘ కుటుంబమొకటి పిలువగా, వారితో కలిసి తుంగతుర్తి నుండి సూర్యాపేటలోని ఒక ఆసుపత్రికి వెళ్లాము. తొమ్మిదేళ్ల బాబు సైకిలు మీద నుండి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. క్యాజువాలిటీలో నర్సమ్మ మొదట అడిగిన మాట, "బాబు బరువెంత?"

"పాతిక కిలోలు ఉంటాడేమో సిస్టర్" అన్నది తల్లి. కాటా మీద నిలబెడితే 42 కిలోలు! "బొద్దుగా ఉన్నాడు, దిష్టి పెట్టకండమ్మా" అన్నది నాయనమ్మ.

పిల్లలకు మందు బరువును బట్టి ఇస్తారు. పారాసిటమాల్ అయితే ఒక్కసారికి కిలోకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. అందుకే అంచనా మాటతో వారు తృప్తిపడలేదు. కొన్ని మందులకు, ఎత్తుకు తగినట్టు ఉండవలసిన బరువును కూడా చూస్తారట. ఎత్తు కొలిచారు, 130 సెంటీమీటర్లు.

కట్టు వేసి, నొప్పి తగ్గి బాబు నిద్రపోయాక డాక్టరుగారు తల్లిదండ్రులను పక్కకు పిలిచారు. కిలోల బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే దాదాపు 25 వచ్చింది. "పెద్దల లెక్క పిల్లలకు చెల్లదు. వయస్సును బట్టి, ఆడ మగ తేడాను బట్టి పట్టిక ఉంటుంది. దాని ప్రకారం ఇది ఊబకాయం" అన్నారు. మెడ వెనుక నల్లని చారను చూపించారు. "మట్టి అనుకొని రోజూ పీచుతో రుద్దుతున్నాను సార్" అని తల్లి కంటతడి పెట్టింది. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చునట. చక్కెర వ్యాధి, రక్తపోటు, కాలేయంలో కొవ్వు, నిద్రలో ఊపిరి ఆటంకం చిన్న వయసులోనే రావచ్చునని చెప్పారు.

క్యాజువాలిటీకి వచ్చిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేయాలా అని వైద్యులు ఇతర దేశాలలో కూడా ఆలోచించారు. జ్వరమొస్తే తప్ప ఆసుపత్రి గడప తొక్కని కుటుంబాలకు అదొక మంచి తరుణమే. అయితే ఏడుస్తున్న బిడ్డ ముందు "లావున్నాడు" అంటే మనసు గాయపడుతుంది. చీటీ చేతికిచ్చి, తర్వాత పట్టించుకొనేవారు లేకపోతే ప్రయోజనం లేదు. కాబట్టి తూచడం అక్కడ జరిగినా, చికిత్స మాత్రం ఇంటి వద్ద జరగవలసిందే.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించాలి. ఆ రోజు మీ బిడ్డను బడి మాన్పించకండి. ఎత్తు, బరువు అడిగి వ్రాసుకోండి. మన పల్లెల్లో బక్కచిక్కిన బిడ్డలు ఇంకా ఉన్నారు, నిజమే. ఒకే వీధిలో ఆ బిడ్డా ఈ బిడ్డా ఉన్నారు. కాటా ఇద్దరికీ అవసరం.

బాబును పస్తులుంచవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. కూల్‌డ్రింకులు, చిప్సు ప్యాకెట్లు మాన్పించి, సాయంత్రం టీవీ, సెల్‌ఫోను కట్టేసి ఆటకు పంపమన్నారు. ఇంటిల్లిపాదీ అదే భోజనం తినాలి, బాబుకొక్కడికే వేరు కంచం వద్దన్నారు.

తిరుగు ప్రయాణంలో మాకు సిగ్గనిపించింది. సండే స్కూలులో వాక్యం అప్పజెప్పిన పిల్లలకు చాక్లెట్లు, పండుగకు కూల్‌డ్రింకులు పంచినది మేమే గదా! దేహము దేవుని ఆలయమని బోధించినదీ మేమే. ఇప్పుడు మా సండే స్కూలులో పల్లీలు, జామపండ్లు ఇస్తున్నాము. మొదట పిల్లలు మూతి ముడిచారు. ఇప్పుడు గిన్నె ఖాళీ అవుతున్నది.

మీ బిడ్డ బరువెంతో మీకు తెలుసా? ఆపద రాత్రి నర్సమ్మ అడుగకముందే తెలుసుకోండి.