పదకొండేళ్ళ మొహం మీద వ్యాపారం

కిందటి సంవత్సరం మా బడిలో ఆరో తరగతి చదివే అమ్మాయి ఒకతె ప్రార్థన వేళ ఎండలో నిలబడలేక నీడకు పోవటం మొదలుపెట్టింది. మాది రాజోలు ప్రాంతం. ఇక్కడి పిల్లలకు ఎండ కొత్త కాదు. మందలిద్దామని దగ్గిరకు పిలిచి, మొహం చూసి మాట మింగేశాను. రెండు బుగ్గలూ కమిలిపోయి వున్నవి. చర్మం కింద సన్నని రక్తనాళాలు ఎర్రదారాల్లాగా కనిపిస్తున్నవి. చెంపల మీద నూగు దట్టమయింది. పదకొండేళ్ళ పిల్లకు రాకూడని మొటిమలు గడ్డం నిండా వున్నవి.

"మండుతోందండి మాస్టారూ" అన్నది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి మూడేళ్ళయింది. అమ్మమ్మ లోపలి నుంచి ఒక ట్యూబు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆయ్, మందుల షాపాయనే ఇచ్చాడండి. వాళ్ళమ్మ ఫోనులో చూసి, పిల్ల రంగు తగ్గిపోయిందేటే అమ్మా, ఏదన్నా రాయించు అందండి. మొదటి నెల బాగా తేలిందండి మరి."

ట్యూబు మీద మూడు పేర్లున్నవి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్. ఈ మూడూ కలిపిన పూత పెద్దవాళ్ళకు మంగు వస్తే కొద్ది వారాలపాటు, చర్మవైద్యుడి కనుసన్నల్లో వాడవలసిన మందు. మూడోది స్టెరాయిడ్. అది మొదట్లో రక్తనాళాల్ని ముడుచుకుపోయేటట్టు చేస్తుంది, చర్మంలో రంగు తయారీని అణుస్తుంది. అమ్మమ్మ చెప్పిన "తేలటం" అదే. తరవాత చర్మం పలచబడుతుంది. మానితే మంటా ఎరుపూ పైకి లేస్తవి. ఆ బాధ పడలేక మళ్ళీ రాస్తారు. ఇదీ చక్రం. మన చర్మవైద్యులు దీనికి ఒక పేరే పెట్టారు: స్టెరాయిడ్ పూతతో చెడిన మొహం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతల్ని వైద్యుడి చీటీ లేనిదే అమ్మరాదన్న జాబితాలో చేర్చింది. అదే హెచ్చరిక ఆ ట్యూబు మీద కూడా అచ్చయి వున్నది, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఈ సంగతి అమలాపురంలో మిత్రుల దగ్గిర చెబితే ఇద్దరు రెండు రకాల మాటలన్నారు. మొదటి మిత్రుడు, "ఇది వారపత్రికల్లో స్త్రీల పేజీకి పనికొచ్చే విషయం, మనకెందుకు?" అన్నాడు. రెండో ఆయన, "నలుగుపిండీ కొబ్బరినూనే వదిలేసినందుకు ఇది శాస్తి" అన్నాడు. ఇద్దరూ నాకు ఆప్తులే. ఇద్దరిదీ తప్పేనని చెప్పటానికే ఈ వ్యాసం.

మొదట అసలు విషయం. పదేళ్ళ పిల్లల చర్మానికి ఏం కావాలి? రోజూ స్నానం. ఒళ్ళు పొడిబారని మెత్తని సబ్బు. పొడిబారే చర్మమయితే స్నానం కాగానే, తడి ఆరకముందే, కాస్త నూనెగాని వాసనలేని మామూలు క్రీముగాని. మిట్టమధ్యాహ్నపు ఎండలో తిరగక తప్పకపోతే టోపీ, నిండు చేతుల చొక్కా. డబ్బున్నవాళ్ళు ఎండక్రీము రాసుకుంటామంటే తప్పులేదు. గోళ్ళు కత్తిరించుకోవాలి, ఒకరి తువ్వాలు ఒకరు వాడకూడదు. జాబితా ఇంతటితో సరి. ఈ వయసులో చర్మంలోని నూనెగ్రంథులు ఇంకా సరిగా మేలుకోనే లేదు, కాబట్టి "జిడ్డు పోగొట్టే" సరుకుతో పని లేదు. ముడతలు లేవు, కాబట్టి ముడతల కోసం తయారయిన రెటినాల్‌తో పని లేదు. చర్మపు పైపొరను ఆమ్లంతో ఒలిచివేసే సీసాలయితే పసిచర్మానికి ఉన్న కాపుదలనే తీసి పారేస్తవి.

మరి పని లేని సరుకు ఎందుకు అమ్ముడవుతున్నది? అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏడు నుంచి పద్ధెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లలు టిక్‌టాక్‌లో పెట్టిన వంద వీడియోలను పరిశీలించి 2025లో "పీడియాట్రిక్స్" పత్రికలో ప్రకటించారు. ఒక్కొక్క పిల్ల సగటున ఆరు రకాల సరుకులు మొహాన పూసుకుంటున్నది. పగటిపూట పూతల్లో ఎండ నుంచి కాపాడేది మాత్రం నాలుగింట ఒక వంతు వీడియోల్లోనే వున్నది! అంటే చర్మానికి నిజంగా పనికొచ్చేది వదిలి, పనికిరానిదంతా కొంటున్నారన్న మాట. స్వీడన్‌లో ఒక పెద్ద మందుల దుకాణాల సంస్థ 2024లో పదిహేనేళ్ళ లోపు పిల్లలకు ఇటువంటి ఘాటు సరుకు అమ్మకం మీద ఆంక్ష పెట్టుకున్నది. అక్కడి వ్యాపారికి ఆపాటి సిగ్గన్నా వున్నది.

మన వ్యాపారికి సిగ్గు కూడా సరుకే, అదీ మన సిగ్గు. 1975లో "ఫెయిర్ అండ్ లవ్లీ" బజారులోకి వచ్చింది. నల్లగా వున్న పిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు. ట్యూబు కొన్నాక రెండూ వస్తవి. నలభై అయిదేళ్ళు ఈ కథే చెప్పారు. 2020లో అమెరికాలో నల్లజాతివారు వీధుల్లోకి వచ్చి ప్రపంచాన్ని నిలదీసినప్పుడు పేరులో "ఫెయిర్" తీసి "గ్లో" పెట్టారు. పేరు మారింది. మా ఊరి అంగళ్ళలో మాత్రం దండకు వేలాడే చిన్న పొట్లాలు అలాగే వేలాడుతున్నవి, బడిపిల్ల చేతి డబ్బుకు అందేటట్టు. ఇవి ఇంకా పెద్దమనుషుల సరుకు. వీటి కింద పేరూ ఊరూ లేనివి మరి కొన్ని వున్నవి. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు రాసుకున్నవాళ్ళకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి వైద్యులు బయటపెట్టారు. కారణం పాదరసం. క్రీము మొహానికే రాసినా విషం లోపలికి పోతుంది.

ఇక నలుగుపిండి మిత్రుడికి. కొబ్బరినూనె మీద నాకు ద్వేషం లేదు. కోనసీమలో పుట్టి దాన్ని ద్వేషించటం ఎలా? పొడిచర్మానికి అది మంచి పూతే, గజ్జిలాగా పొక్కే కొందరు పిల్లల చర్మానికి మేలు చేస్తుందని వైద్యపరీక్షల్లో కూడా తేలింది. కాని మొటిమలు మొదలయ్యే వయసులో మొహానికి దట్టిస్తే అవి ఎక్కువవుతవి. (అది కూరలోకా, తలకా అనే తగాదాను పన్నుల కోసం సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయారు, 2024 డిసెంబరులో గాని తీర్పు రాలేదు. కొబ్బరికాయ దింపేవాడి కూలి గురించి ఏ కోర్టులోనూ ఇంత చర్చ జరిగినట్టు లేదు.) అసలు ప్రశ్న వేరు. మన ఇళ్ళలో నలుగు దేనికి పెట్టారు? మురికి పోవటానికేనా? పసిబిడ్డ కెవ్వుమంటున్నా వదలకుండా రుద్దిన చేతులు "రంగు తేలాలి" అని కాదూ రుద్దింది? కడుపుతో వున్న కోడలికి కుంకుమపువ్వు పాలు పట్టించింది దేనికి? "నలుపు నారాయణుడు మెచ్చు" అనే సామెతలోని ఓదార్పు ఎవరికి? మెచ్చవలసిన మనుషులు మెచ్చలేదు కనకనే నారాయణుణ్ణి పిలవవలసి వచ్చింది. ట్యూబుల కంపెనీ మన దేశంలో కొత్త రోగం పుట్టించలేదు. అమ్మమ్మ దగ్గిర వున్న రోగానికి బజారులో ధర కట్టింది. అమ్మమ్మను వెనక్కు తెచ్చుకుంటే కంపెనీ పోతుందనుకోవటం భ్రమ.

"రంగు" అనే మాట వెనక ఇంకో మాట వున్నది. అన్ని కులాల్లోనూ అన్ని చాయలూ వున్నవి. అయినా "వాళ్ళ పిల్లలా వున్నావేమిటే" అని తల్లి తన బిడ్డను తిట్టినప్పుడు ఆ "వాళ్ళు" ఎవరో కోనసీమలో వివరించనవసరం లేదు. చేలో ఎండకు వంగి పనిచేసేవాళ్ళు. జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టినందుకు 2022 మే నెలలో ఇళ్ళు తగలబడ్డ ఊరు మన అమలాపురం. ఆ ఊరి మిత్రుడు ఇది స్త్రీల పేజీ విషయం అంటే ఏమనాలి?

చర్మం సంగతి అంతగా పట్టినవాళ్ళకు నేనొక చోటు చూపిస్తాను. సంక్షేమ వసతిగృహాల్లో పిల్లలు రాత్రంతా గోక్కుంటారు. వేళ్ళ సందుల్లో గజ్జి. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురయిన ఉష్ణదేశపు వ్యాధుల్లో చేర్చింది. మందు వున్నది, పెర్మెత్రిన్ పూత. కాని ఒక్క పిల్లవాడికి రాస్తే లాభం లేదు. గదిలో వున్నవాళ్ళందరికీ ఒకే రాత్రి రాయాలి, పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతకాలి, కొన్నాళ్ళకు మళ్ళీ ఒకసారి రాయాలి. అందుకు ట్యూబులు కావాలి, నీళ్ళు కావాలి, మనిషికొక దుప్పటి కావాలి. పది మంది ఒకే చాప మీద పడుకునే గదిలో వయసుకు తగిన చర్మసంరక్షణ అంటే అర్థం ఇదే. దీనికి ప్రకటన వెయ్యటానికి ఏ కంపెనీకీ తీరిక లేదు, ఎందుకంటే నయమయిన పిల్లవాడు మళ్ళీ కొనడు.

తామర సంగతీ ఇంతే. బురదలో, చెమటలో తిరిగే పిల్లలకు తామర వస్తే దుకాణంలో ఇచ్చే పూతలో శిలీంధ్రపు మందుతో పాటు స్టెరాయిడ్ కలిసి వుంటుంది. దురద రెండు రోజుల్లో అణుగుతుంది, తామర నెలల తరబడి పాకుతుంది.

మా అమ్మాయిని చర్మవైద్యుడికి చూపించాం. ఆయన సూచన ప్రకారం మందు తగ్గిస్తూ మాన్పించాం. మొహం కుదుటపడటానికి ఆరు నెలలు దాటింది, ఎరుపు ఇంకా పూర్తిగా పోలేదు. మధ్యలో ఒకనాడు తల్లితో ఫోనులో మాట్లాడాను. రంగు కోసం పిల్లను పాడు చేసుకుంటారా అని గట్టిగానే అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తరవాత ఫోనును తన చేతుల మీదికి తిప్పింది. రోజూ బ్లీచింగు నీళ్ళతో బాత్రూములు కడిగి వేళ్ళన్నీ పగిలి వున్నవి.

"నా పని నా పిల్లకు రాకూడదనండి మాస్టారూ" అన్నది. "తెల్లగా వుంటే ఇంట్లో కూచోబెట్టి పెట్టేవాడొస్తాడని."

ఆ ట్యూబు పేరే ఒక కాగితం మీద రాసుకుని ఈమధ్య మా దగ్గిరి మందుల దుకాణాలకు వెళ్ళాను. ఒక్కరూ చీటీ అడగలేదు. ఒకాయన మాత్రం "ఎవరికండీ, పాపకా?" అని అడిగి, చిన్న సైజుది తీసి ఇచ్చాడు.