వేగమునకు తగిన చోటు

వేగము పాపము కాదు. కాని చోట చూపిన వేగమే పాపము. చెన్నపట్నమునకు సమీపమున షోలవరములో, యుద్ధకాలపు విమానముల బాటపై మోటారు పందెములు జరిగిన దినములు గతించినవి. 1990లో శ్రీపెరుంబుదూరు కడ ఇరుంగాట్టుకోట్టైలో పందెములకై ప్రత్యేకమైన బాట వెలసినది. స్పోర్ట్సు కారు కొన్న యువకుడు ముందుగా పోవలసినది అట్టి చోటికే గాని, నడిరేయి నగరవీథికి కాదు.

అచట అతనికి మొదట తెలియవచ్చునది ఇంజను బలము కాదు, బ్రేకుల పరిమితి. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప బండి ఆగుటకు వలయు దూరము నాలుగింతలగును. కొన్ని చుట్లకే బ్రేకుల ద్రవము మరిగి పెడలు మెత్తబడవచ్చును. టైర్లు మితిమీరి వేడెక్కినచో పట్టు సడలును. మలుపునకు ముందే వేగము తగ్గించి, చూపును మలుపు చివర నిలుపవలెను. వెనుకనుండి వేగముగా వచ్చువానికి దారి యిచ్చుట అవమానము కాదు, మర్యాద.

ఇది ధనికుల విలాసమని కొట్టివేయువారు గలరు. వ్యయము మిక్కిలియే, నిజము. కాని బాటమీది పొరపాటును తరచు పాత టైర్ల వరుసయో, కంకర పరపో భరించును. వీథిలో దానిని భరించువాడు పాలచెంబుతో రోడ్డు దాటుచున్న పరాయివాడు. ఈ భేదము గుర్తెరిగినవాడే సారథి.